నాసిక్ బావతో తాటివనాల దారిలో

మార్చి ఆఖరి వారంలో ఓరుగల్లు వైపు రావొద్దని ఎవరికైనా చెప్తాను. పొద్దున పదింటికే తారు రోడ్డు సెగ మొహానికి కొడుతుంది. గుడి మెట్ల మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. కానీ కల్లు సంగతి తెలుసుకోవాలంటే ఇదే అదను. పోతుతాళ్లు (మగ తాటిచెట్లు) ఇంకా పారుతుంటాయి, పండుతాళ్లు (ఆడవి) మొదలవుతుంటాయి, ఈతచెట్లు వెనకపట్టు పడతాయి. ఉత్తరాన అడవిలో ఇప్పపూలు రాలతాయి, కళ్లాల్లో మిరప ఎండుతుంటుంది. ఆకాశంలో చిన్న మబ్బు తునక కనిపించినా వీటిని నమ్ముకున్నవాళ్లందరికీ ఒకేసారి గుండె జారుతుంది.

మా అక్క భర్త నాసిక్ దగ్గర ఒక వైన్ కంపెనీ ద్రాక్షతోటల్లో పనిచేస్తాడు. అక్కడ జనవరి నుంచి మార్చి దాకా కోతలు. కోతలు ముగిసి ఏప్రిల్ కత్తిరింపులు మొదలయ్యేలోపు ఆయనకు కాస్త తీరిక. ఈసారి సెలవుకు హన్మకొండ వచ్చి, తిరుగు ప్రయాణానికి ఆదిలాబాద్‌లో నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతానన్నాడు. అంతదాకా కార్లో దింపుతాను, దారిలో తాటివనాలు చూసుకుంటూ పోదామన్నాను. "ఇద్దరు కల్సి పోయేది చెట్లు చూడనీకే అంటే నన్ను నమ్మమంటరా?" అంది అక్క.

శుక్రవారం, ఎనుమాముల

బయల్దేరే ముందు రోజు బావ మిర్చి మార్కెట్ చూస్తానన్నాడు. ఎనుమాముల యార్డు ఈ నెలలో ఎర్రగా మండిపోతుంటుంది. బస్తాల మధ్య నడుస్తుంటే దగ్గు ఆగదు. తేజ, 341, వండర్ హాట్ రకాల బస్తాలు దాటుకుంటూ పోతే ఓ మూల చపాట కనిపించింది. దీన్నే టమాట మిర్చి అని కూడా పిలుస్తారు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

బావ ఒక రైతు దగ్గర ఆగి, పక్కన విడిగా పోసిన వెలిసిపోయిన కాయల గురించి అడిగాడు.

"అది తాలు సార్. కళ్లంల ఎండబోసినంక వాన పడ్డది. పట్టాలు కప్పినం గని లోపట ఉడికింది. అదే చెట్టు, అదే కాయ. రేటు మాత్రం సగానికి సగం పడ్తది."

బావ తల ఊపాడు. కోతకు ముందు పక్షం రోజులు తమకూ అదే గండమట. పండు మీదున్న ద్రాక్షకు వాన తగిలితే వేరు నీళ్లు పీలుస్తుంది, కాయ ఉబ్బుతుంది, లోపలి తీపి పలచబడుతుంది. తొక్క పగిలిందా, బూజు పడుతుంది. ఇంతకుముందు గడిచిన నెలలన్నీ బంగారంలా గడిచినా ఆ పదిహేను రోజులు చెడితే వైను చెడుతుంది.

రాత్రి డాబా మీద కూర్చున్నప్పుడు ఆయన చెప్పిన విషయం నాకు చాలా నచ్చింది. అమెరికాలో ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ అని ప్రిన్‌స్టన్ యూనివర్సిటీ ఆర్థికవేత్త. ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ల వేలం ధరలు ముందు పెట్టుకుని, ఏ ఏడు వైను ఎందుకు ఎక్కువ పలికిందో లెక్క కట్టాడు. ఆయనకు చిక్కినవి ముఖ్యంగా మూడు: కాపు మొదలవక ముందు, అక్టోబరు నుంచి మార్చి దాకా పడిన చలికాలపు వాన, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సగటు వేడి, ఆగస్టు, సెప్టెంబరుల్లో కోత ముందు వాన. మొదటి రెండూ ఎక్కువైతే ధర పెరిగింది, మూడోది ఎక్కువైతే తగ్గింది. సీసా తెరవకుండా, చుక్క నోట పెట్టకుండా, వాతావరణ కేంద్రం అంకెలతో వైను భవిష్యత్తు చెప్పడం రుచి చూసి మార్కులేసే పెద్దలకు మింగుడుపడలేదు. వాళ్లలో అందరికంటే పేరున్న రాబర్ట్ పార్కర్ గట్టిగానే తిట్టిపోశాడు.

"కల్లుకు ఇట్ల లెక్క కట్టచ్చా?" అన్నాను.

"రేపు పోయి ఎక్కేటోన్నే అడుగుదాం" అన్నాడు బావ.

శనివారం, ఖిలాషాపూర్ దాపుల

చీకట్లోనే లేచి జనగామ రోడ్డు పట్టాం. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక రఘునాథపల్లి దగ్గర ఖిలాషాపూర్ వైపు తిరగాలి. సర్వాయి పాపన్న కోట ఉన్న ఊరు. గీత వృత్తి ఇంట్లో పుట్టి, మనుషుల్ని కూడగట్టి, 1708లో మొహర్రం వేళ ఓరుగల్లు మీద పడి పట్టణాన్ని కొల్లగొట్టినవాడు పాపన్న. రెండేళ్ల తర్వాత మొఘలులు పట్టుకుని చంపారు. కోటను ఎండెక్కాక చూద్దామనుకున్నాం. కల్లు మాత్రం మన కోసం ఆగదు.

వనం చేరేసరికి మనకు తెలిసినాయన, నేను మామా అని పిలిచే ఆయన, అప్పటికే రెండు చెట్లు దిగి మూడోదాని మీదున్నాడు. అరవై దాటిన మనిషి. నడుముకు ముస్తాదు (గీత పనిముట్ల సంచి), చెట్టు చుట్టూ మోకు (ఎక్కే తాడు), కాళ్లకు గుజి (పాదాల బంధం). చెట్టు మీంచి జారినా పడిపోకుండా కాపాడేందుకు 2024లో సర్కారు మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం తాళ్లు కూడా ఉన్నాయి. మొదట్లో అలవాటు కాక విసుగొచ్చేదట. ఇప్పుడు ఇంట్లోవాళ్లు అవి లేకుండా ఎక్కనివ్వడం లేదట.

పోతుతాడు గెలను చెక్క పటకారుతో రోజుల తరబడి మెల్లగా నలిపి, మొనను పలచగా గీస్తేనే కల్లు దిగుతుంది. ఆ గీత వెంట్రుకవాసి మందం కావాలి. మందంగా గీస్తే గెల తొందరగా అయిపోతుంది, గీయకపోతే మొన ఎండి ధార కట్టుకుపోతుంది. అందుకే పొద్దున, సాయంత్రం రెండు పూటలా ఎక్కక తప్పదు. పండగకు సెలవు లేదు, ఇంట్లో పెళ్లికీ సెలవు లేదు.

ఆయన దించిన లొట్టి (కల్లు కుండ) నుంచి తాటాకు రేకలో పోశాడు. చల్లగా, పలచని పాలరంగులో ఉంది. తీపి ముందు తగిలింది, పులుపు చివర్లో నాలుక అంచున మెరిసి పోయింది. కారు నడిపేది నేనే కాబట్టి ఈ దారి పొడుగునా నా వంతు ఒకటి రెండు గుక్కలే. మిగతా భారం బావ మోశాడు.

"నిన్న రాత్రి ఎట్లుండె మామా?" అన్నాను.

"మంచిగనే సల్లబడ్డది. గాలి లేకుండె. రాత్రి ఉక్కబోసిందనుకో, లొట్టిలనే పులుస్తది. తెల్లారి మనం దించేది సగం కల్లు, సగం పులుపు. పుష్య మాసంల రా బిడ్డా, తేటగ నీళ్ల తీరు దిగుతది. తియ్యగ, గొంతుల జారిపోతది."

బావ సంచీలోంచి రిఫ్రాక్టోమీటర్ తీశాడు. ద్రాక్షరసంలో చక్కెర ఎంతుందో చూసే గొట్టం అది. ఒక చుక్క గాజు మీద వేసి వెలుతురుకు పెట్టి చూస్తే లోపల అంకె కనిపిస్తుంది. మామ అప్పుడే కట్టబోతున్న కొత్త లొట్టిలో పడిన మొదటి చుక్కలు పట్టి చూశాడు. 12 చూపించింది. గెలలోంచి కారేటప్పుడు తాటి రసంలో చక్కెర మామూలుగా 10 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. పులుపు దాదాపు ఉండదు. తర్వాత రాత్రంతా దించిన లొట్టిలోంచి ఒక చుక్క వేశాడు. అంకె తగ్గింది. కానీ దాన్ని నమ్మొద్దన్నాడు. ఆల్కహాల్ కలిసిన రసంలో వెలుతురు మరోలా వంగుతుంది కాబట్టి ఈ గొట్టం తప్పు చెప్తుందట. మామ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా నాలికె కూడ గంతే చెప్తది, దీనికి పైసలు పెట్టుడెందుకు?" అన్నాడు.

ఇక్కడే బావ చాలాసేపు మాట్లాడాడు. నాసిక్‌లోనూ రాత్రి చలి కోసమే వాళ్లు ఎదురుచూస్తారు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు బాగా చల్లబడితే వైను బాగుంటుంది. కారణం మాత్రం వేరే. ద్రాక్షలో రెండు రకాల పులుపు ముఖ్యం. ఒకటి టార్టారిక్, రెండోది మాలిక్. రాత్రి కూడా వేడిగా ఉంటే కాయ ఊపిరి తీసుకోవడానికి మాలిక్ పులుపును ఖర్చు చేసేస్తుంది. అప్పుడు చక్కెర నిండుగా ఉన్నా వైను చప్పగా, బరువుగా, ఉడికించిన జామ్‌లా ఉంటుంది. నల్లద్రాక్ష తొక్కకు రంగు సరిగా పట్టాలన్నా రాత్రి చల్లబడాల్సిందే. ఎండ మరీ ముదిరి 35 డిగ్రీలు దాటిపోతే ఆకులు రంధ్రాలు మూసుకుని పని తగ్గించుకుంటాయి.

అంటే రాత్రి చలి ద్రాక్షలో ఉన్న పులుపును కాపాడుతుంది, కల్లులో మాత్రం లేని పులుపు రాకుండా అడ్డుకుంటుంది. చెట్టు కింద కూర్చుని ఈ తేడా విన్నాక నాకు ఆషెన్‌ఫెల్టర్ లెక్క ఇక్కడ ఎందుకు పనిచేయదో అర్థమైంది. ద్రాక్షలో నెలల వాతావరణం కాయ లోపల జమ అవుతుంది. కోసిన తర్వాత జరిగేదాన్ని మనిషి చల్లని ట్యాంకుల్లో తన చేతిలోకి తీసుకుంటాడు. కల్లు లొట్టిలోకి మొదటి చుక్క పడ్డప్పుడే పులియడం మొదలవుతుంది. లొట్టి గోడలకు అంటుకున్న ఈస్టు, గాలిలోది, తేనెటీగలు, ఈగలు తెచ్చింది అన్నీ కలిసి పని మొదలుపెడతాయి. వెచ్చగా ఉంటే ఆ పని పరుగెత్తుతుంది. ముందు చక్కెర ఆల్కహాల్ అవుతుంది, వెనకే బ్యాక్టీరియా పులుపు తెస్తుంది, అలాగే వదిలేస్తే సిర్కా (వెనిగర్). లొట్టికి సున్నం పూసి ఈ పనిని ఆపితే వచ్చేదే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో సర్కారు నీరా కేఫ్ తెరిచింది. మామకు దాని మీద పెద్ద గౌరవం లేదు. "పిల్లలకు, షుగరోల్లకు మంచిదే" అని ఊరుకున్నాడు.

మరి ఏడాది వాతావరణానికి కల్లులో చోటే లేదా? ఉందంటాడు మామ. నిరుడు వానాకాలం చెరువు నిండితే కట్ట మీది తాళ్లు ఈ ఎండల్లోనూ విడవకుండా పారతాయి. చెరువు ఎండిన ఏడాది చెలకల్లోని (మెట్ట నేలల్లోని) చెట్లు మార్చిలోనే మొండికేస్తాయి. "కట్ట మీది చెట్టు ఎక్కువిస్తది. చెలకల చెట్టు కొంచెమిస్తది గని చిక్కగిస్తది. నాకైతె చెలక కల్లే ఇష్టం." బావ ఎగిరి గంతేసినంత పని చేశాడు. బోర్డోలోనూ అదే కథట. మెడాక్ వైపు గులకరాళ్ల నేల. వానలెక్కువైన ఏడాది నీళ్లు కిందికి జారిపోయి వేరు మునగదు కాబట్టి అక్కడి తోటలు గట్టెక్కుతాయి. పోమరోల్ వైపు బంకమన్ను తేమను పట్టుకుంటుంది, అందుకే ఎండలు ముదిరిన ఏడాది వాళ్లది పైచేయి. ఒకే ఆకాశం కింద పక్కపక్క నేలలకు రెండు వేరే ఏళ్లు గడుస్తాయి.

తొమ్మిదింటికి మండువ (కల్లు తాగే చోటు) దగ్గర కూర్చున్నాం. గుడాలు, వేయించిన బోటి. అదే లొట్టి కల్లు ఇప్పుడు నురగ కట్టి, ముక్కుకు ఘాటుగా తగులుతోంది. పొద్దటి కల్లు తాగేవాళ్లు ఇళ్లకు పోయారు, పుల్ల కల్లు కావాలనేవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. తీపి కావాలన్నా పులుపు కావాలన్నా గడియారం చూసుకుని రావలసిందే.

వాతావరణం మాట వినని కల్లు ఒక్కటే ఉంది, మందు కల్లు. చెట్లు లేని పట్నాల్లో ఏడాది పొడుగునా ఒకే రుచితో, ఒకే మత్తుతో దొరికేది అదే. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు, తీపికి శాకరిన్. తాగినవాళ్లు ఆస్పత్రుల పాలవుతూనే ఉన్నారు, ప్రాణాలూ పోతున్నాయి. చలికాలమూ ఎండకాలమూ ఒకే రకంగా ఉండే కల్లు కనిపిస్తే లేచి వచ్చేయడం మంచిదని మామ అన్నాడు. ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు.

వైన్‌లో కలపరా అని బావను గుచ్చాను. కలుపుతారట. ఎండ చాలక పండు సరిగా పండని చల్లని ఏడాదిలో ఫ్రాన్స్‌లో రసానికి చక్కెర కలపడం మామూలే. నెపోలియన్ కాలపు రసాయన శాస్త్రజ్ఞుడు షాప్టల్ పేరు మీద ఆ పద్ధతి స్థిరపడింది. నాసిక్‌లాంటి వెచ్చని చోట తిరగేసి టార్టారిక్ పులుపు కలుపుతారు. షాంపేన్ వాళ్లయితే ఒక ఏడాదిని నమ్ముకోకుండా నాలుగైదేళ్ల వైన్లు కలిపి ఏటా ఒకే రుచి తెస్తారు. ఇవన్నీ చట్టం ఒప్పుకున్నవే. ఆకాశం చేసిన లోటును పూడ్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. చెట్టే అక్కర్లేని కల్లు తయారుచేయడం దానికి చాలా దూరం.

ఆదివారం, లక్ష్మీదేవిపేట

ములుగు దాటాక ఆకాశం మారింది. పడమట నల్లగా కమ్ముకొచ్చి, ఈదురుగాలి లేచి, పాలంపేట చేరేలోపు వాన దంచింది. పది నిమిషాలు వడగండ్లు కూడా పడ్డాయి. రామప్ప గుడి మంటపంలో యాత్రికులతో పాటు మేమూ దూరాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. ఎనిమిది వందల ఏళ్లుగా ఎందరికో వానలో గొడుగైనట్టే మాకూ అయింది. బావ శిల్పాలు చూడలేదు. ఫోన్‌లో నాసిక్ వాతావరణం చూస్తున్నాడు.

వడగండ్ల మాట వస్తే ఈ ప్రాంతంలో ఎవరినడిగినా 2023 మార్చి చెప్తారు. ఆ నెలలో పడిన రాళ్లకు మొక్కజొన్న, మామిడి, మిర్చి నేలమట్టమయ్యాయి. అదే ఏడాది జులైలో ఇంకో రికార్డు, ఇదే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన. ఒక్క రోజులో అంత వాన రాష్ట్రంలో అంతకుముందు నమోదు కాలేదు.

వాన వెలిశాక ఆ ఊరి దాకా పోయాం. మండువలో మనుషులు లేరు. ఒక యువకుడు ముస్తాదు భుజాన వేసుకుని చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఇయ్యాల ఎక్కుడు లేదన్నా. చెట్టు జారుతది. లొట్టిలకు వాన నీళ్లు దిగినయి, అది పారబోసుడే" అన్నాడు. రేపు? "రేపు మొగులు లేకుంటె ఎక్కుత." అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. ఒక పూట పోయింది, ఇంకో పూట ఉంది.

ఈ తీరిక ద్రాక్షరైతుకు ఉండదని బావ అన్నాడు. 1956 ఫిబ్రవరిలో బోర్డోలో గడ్డకట్టే చలి వచ్చి తీగలకు తీగలే చచ్చిపోయాయి. మళ్లీ నాటుకుని కాపుకొచ్చేదాకా ఏళ్లు పట్టింది. 1961లో మే చివరి మంచు పూతను మాడ్చింది, పంట బాగా తగ్గింది. కానీ మిగిలిన కొద్ది గుత్తులకు తర్వాతి పొడి వేసవి బాగా పట్టడంతో ఆ ఏడు వైను గత శతాబ్దపు గొప్పవాటిలో నిలిచింది. 2003 వేసవిలో యూరప్ మొత్తం వేడికి ఉడికినప్పుడు ఫ్రాన్స్‌లోని బర్గండీలో కోతలు ఆగస్టులోనే మొదలయ్యాయి. ఒక్కో ఏడాదికి ఒక్కో జాతకం. రైతు ఆ జాతకాన్ని సీసా మీద అంకె వేసి అమ్ముకుంటాడు. మంచి ఏడైతే ముప్పై ఏళ్ల తర్వాత కూడా దాని ధర పెరుగుతుంది, చెడ్డ ఏడైతే అంతకాలమూ పరువు పోతుంది.

ఊరి బయట వాగు దగ్గర ఈతచెట్లు చూపించాడా యువకుడు. ఈతను తాటిలా గెలకు గీయరు, మొవ్వు కింద మొద్దునే చెక్కుతారు. ఒక ఏడాది ఒక పక్క, తర్వాతి ఏడాది రెండో పక్క. అందుకే కల్లు తీసిన ఈత మొద్దు మెట్లు మెట్లుగా వంకర తిరిగి ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు కల్లు తీశారో తెలుస్తుంది. బావ ఒక చెట్టుకు కింది నుంచి పైకి వేలు పెట్టి లెక్కించుకుంటూ పోయాడు. నీళ్లు పైదాకా వచ్చిన ఏటి గాటు ఏదని అడిగితే ఆ యువకుడు తడుముకోకుండా చూపించాడు.

ఫ్రాన్స్‌లో బోన్ అనే పట్టణంలో 1354 నుంచి ద్రాక్ష కోత తేదీలు దొరుకుతున్నాయి. శాస్త్రజ్ఞులు వాటిని పట్టుకుని ఏ వేసవి ఎంత వేడిగా గడిచిందో లెక్కగట్టారు. కోత ఎంత ముందు జరిగితే ఆ ఏడు అంత వేడి. మన చెట్లకు ఎక్సైజ్ వాళ్లు వేసిన నంబర్లున్నాయి, చెట్టు పన్ను వసూలు చేసిన కాలం ఉంది. ఏ ఏడు ఎప్పుడు మొదటి లొట్టి కట్టారో రాసినవాళ్లు నాకు కనపడలేదు. గీత సొసైటీ దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి ఆ తేదీ ఒక్కటి రాస్తే చాలు. యాభై ఏళ్ల తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.

సోమవారం, ఉట్నూరు దాకా

భూపాలపల్లి, మంథని, మంచిర్యాల. బొగ్గు లారీల వెనక నడక. గోదావరి దాటేచోట ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా నీళ్లు. లక్షెట్టిపేట తర్వాత జన్నారం నుంచి కవ్వాల్ అడవి. టేకు ఆకులన్నీ రాల్చుకుని నిలబడి ఉంది. ఈ రోజంతా చెప్పుకోవడానికి ఏమీ లేదు, వేడి తప్ప. నిన్నటి వాన ఇటు పడలేదు. ఉట్నూరులో మాకు తెలిసిన టీచర్ ఇంట్లో పడుకున్నాం. తెల్లారేముందే లేపుతానన్నాడు.

మంగళవారం, ఇప్పచెట్ల కింద

ఇప్పపూలు రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున రాలతాయి. మేం పోయేసరికి గోండు గూడెం ఆడవాళ్లు, పిల్లలు గంపలతో చెట్ల కింద ఉన్నారు. నేలంతా లేత పసుపు పచ్చని, గుండ్రని, కండ గల పూలు. ఒకటి నోట్లో వేసుకుంటే తేనె తీపి, వెనకే ఒక వింత వాసన. ఎలుగుబంట్లకు ఇవంటే ప్రాణం, అందుకే ఒంటరిగా ఎవరూ రారు. ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకులు ఊడ్చి మంట పెట్టడం పాత అలవాటు. ఆ మంటలు అడవికి అంటుకుంటున్నాయని ఫారెస్టోళ్లు ఒప్పుకోవడం లేదు. ఇక్కడ ఊడ్చిన ఆకులను దూరంగా కుప్ప పోశారు.

ఒక పెద్దమ్మ టీచర్ ద్వారా చెప్పిన మాట ఇది: పగలు ఎండ బాగా కాయాలి, రాత్రి మబ్బు ఉండకూడదు. మబ్బు పట్టిన రోజుల్లో పూత సరిగా రాలదు, రాలినవీ ఆరవు. వాన తగిలితే నల్లబడి బూజు పడతాయి. ఈసారి పూలు మంచిగున్నాయంది. మూడు రోజులు ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుని, గోధుమరంగుకు తిరిగి, ఏడాది నిల్వ ఉంటాయి. లడ్డూలు చేస్తారు, జొన్నపిండిలో కలిపి రొట్టె చేస్తారు, నానబెట్టి పులిసాక సారా కాస్తారు. పండగకు ముందు దేవుడికి ధార పోయనిదే ఎవరూ ముట్టరు.

బావ ఎండు పూలు ఒక గుప్పెడు చేతిలోకి తీసుకుని వాసన చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తాటిచెట్టు దగ్గర లేనిది ఇక్కడ ఉంది. ఈ మార్చి నెల ఎండ ఎలా కాసిందో ఈ ఎండు పూలలో ఉంది. దీపావళి వేళ గోండుల దండారి పండగకు కాచే సారాలో కూడా ఉంటుంది. పోయినేటి పూలు, ఈ ఏటి పూలు వేరువేరు బుట్టల్లో పెట్టారా అని అడిగాడు. పెద్దమ్మ నవ్వి లోపలికి పోయి రెండు బుట్టలు తెచ్చింది. పాతవి నల్లగా, చితికి ఉన్నాయి. నిరుడు ఇదే వేళకు వానలు పట్టుకున్నాయట. వాటి సారా గొంతులో గరగరలాడిందని ఆమె మొహం చిట్లించింది. ఏ ఏడు పూలో చెప్పే చీటీ అక్కర్లేదు, బుట్ట చూస్తే చాలు.

ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ మీదుగా ఆదిలాబాద్ చేరాం. రైలుకు ఇంకా టైముంది. బావ ప్లాట్‌ఫాం మీద టీ తాగుతూ తోటలో ఉన్న మేస్త్రీకి ఫోన్ చేశాడు. నాసిక్‌లో చలికాలం తీగ నిద్రపోయేంత చలి ఉండదు కాబట్టి దానికి ఏడాదిలో రెండు కత్తిరింపులు. ఏప్రిల్లో కోసేది కొమ్మ కోసం, సెప్టెంబరు, అక్టోబరుల్లో కోసేది కాయ కోసం. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత పుట్టే కొత్త కొమ్మల కణుపుల్లోనే వచ్చే జనవరిలో కోయాల్సిన గుత్తులు తయారవుతాయి. ఆ నెలన్నరలో ఎండ సరిగా తగలకుండా మబ్బులు కమ్మితే కణుపులో గుత్తి బదులు నులితీగ పుడుతుంది. కోతకు ఏడెనిమిది నెలల ముందే పంట సగం తీర్మానమైపోతుంది.

"ఎన్ని ఎకరాలు మొదలుపెడుతున్నరు?" అన్నాను.

"ముందు ఎత్తు మీదియి. కింద నల్లమట్టిల ఇంక తేమ ఆరలే, నాలుగు రోజులు ఆగాలె" అన్నాడు. తర్వాత రామప్పలో తీసిన వడగండ్ల ఫొటో మేస్త్రీకి పంపి, అక్కడ వల కప్పారా లేదా అని మళ్లీ ఫోన్ కలిపాడు.